‘యాదయ్యా’ అంటే నలుగురు తిరిగి చూస్తారు.. నల్గొండ, పాలమూరులో ఒకే పేరోళ్ల కథేంటి? ఓటు, పట్టా దగ్గర వచ్చే తిప్పలేంటి?

చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా హైవే పక్కన ఏ ఊర్లోనైనా బస్సు దిగండి. చాయ్ హోటల్ ముందు నిలబడి ‘యాదయ్యా’ అని గట్టిగా పిలవండి. కనీసం ఇద్దరు తిరిగి చూస్తారు. ఒకాయన ఆటో నడుపుతుంటాడు, ఇంకొకాయన మేస్త్రీ పని చేస్తుంటాడు. అదే పని మహబూబ్‌నగర్ జిల్లాలో చేస్తే? అక్కడ ‘వెంకటయ్య’ అని పిలవాలి. దేవరకద్ర, చిన్నచింతకుంట వైపు పోతే ‘కుర్మయ్య’ అన్నా చాలు.

పేరు ఒక్కటే, మనుషులు వేరు, చేసే పనులు వేరు. వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ అదే పేరు ఓటర్ లిస్టులోనో, పట్టాదారు పాసుపుస్తకంలోనో, ఈవీఎం మీదనో పక్కపక్కన కనిపిస్తే మాత్రం సరదా కాదు. అసలు ఈ ప్రాంతంలో ఒకే పేరు ఇంతమందికి ఎందుకుంటుంది? ఒకే పేరున్న ప్రముఖులు ఎవరెవరు? చట్టం ఏం చెబుతోంది? చూద్దాం.

పేరు పెట్టింది అమ్మానాన్నలు కాదు.. గుట్ట మీది దేవుడు!

ఉమ్మడి నల్గొండ జిల్లాలో పేర్లకు పెద్ద గని యాదగిరిగుట్ట. పిల్లలు లేనోళ్లు గుట్టకు మొక్కుకుంటారు. కొడుకు పుడితే యాదగిరి, బిడ్డ పుడితే యాదమ్మ. యాదయ్య, యాదిరెడ్డి, నర్సింహ, నర్సింహులు, నర్సయ్య, నర్సమ్మ.. ఇవన్నీ ఆ లక్ష్మీనరసింహస్వామి పేరు నుంచి వచ్చినవే. మధ్యలో గుట్ట పేరే యాదాద్రిగా మారింది, మళ్లీ యాదగిరిగుట్ట అనే పాత పిలుపే ముందుకొచ్చింది. మనుషుల పేర్లు మాత్రం ఎటూ మారలేదు. ‘యాదాద్రయ్య’ అని ఎవరూ పెట్టుకోలేదు మరి!

నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు జడల రామలింగేశ్వరస్వామి, సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతులస్వామి. ఈ రెండు గట్ల చుట్టూ లింగయ్యలు, రామలింగయ్యలు, లింగస్వాములు ఎక్కువ. నకిరేకల్ మాజీ ఎమ్మెల్యే చిరుమర్తి లింగయ్య, రాజ్యసభ సభ్యుడిగా చేసిన బడుగుల లింగయ్య యాదవ్.. ఇద్దరూ నల్గొండ రాజకీయాల్లోనోళ్లే.

ఇక సైదులు పేరు సంగతి. సూర్యాపేట జిల్లా పాలకవీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. అక్కడి సైదులు బాబాకు మొక్కని కులం లేదు. అందుకే ఆ చుట్టుపక్కల హిందువుల ఇళ్లల్లోనూ సైదులు, సైదమ్మ పేర్లు మామూలే. 2019 ఉప ఎన్నికలో హుజూర్‌నగర్ నుంచి గెలిచిన శానంపూడి సైదిరెడ్డి పేరు చూడండి. ‘సైది’ దర్గా నుంచి వచ్చిన మాట, ‘రెడ్డి’ కులం నుంచి వచ్చిన మాట. బయటి జిల్లాలోళ్లకు ఈ కలయిక వింతగా అనిపిస్తుంది కానీ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు ఎవరూ దాని గురించి అడగను కూడా అడగరు.

పాలమూరులో లెక్క వేరే. చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తిస్వామి జాతర దీపావళి తర్వాత జరుగుతుంది. స్వామి పాదుకలను ఊరేగించే ఉద్దాల ఉత్సవం చూడ్డానికి జనం వేలల్లో వస్తారు. ఆ స్వామి పేరు మీదే కురుమూర్తి, కుర్మయ్య. మన్యంకొండ వెంకటేశ్వరస్వామి వల్ల వెంకటయ్య, వెంకటమ్మ, శ్రీనివాసులు. జడ్చర్ల దగ్గర గంగాపూర్ చెన్నకేశవస్వామి వల్ల చెన్నయ్య, చెన్నకేశవులు. గద్వాల వైపు మల్దకల్ తిమ్మప్ప వల్ల తిమ్మన్న, తిమ్మప్ప. కృష్ణ ఒడ్డున బీచుపల్లి ఆంజనేయస్వామి ఉన్నాడు కదా, అక్కడైతే ఊరి పేరే మనిషి పేరు.. బీచుపల్లి!

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ. ఒక తాతకు ముగ్గురు కొడుకులు ఉన్నారనుకోండి. ముగ్గురూ తమ మొదటి కొడుక్కి తండ్రి పేరే పెడతారు. అప్పుడు ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న అన్నదమ్ముల పిల్లలు ముగ్గురు తయారవుతారు. వాళ్ల మధ్య తేడా తండ్రి పేరులోనే ఉంటుంది. పైగా ఒక తరంలో ‘మల్లయ్య సన్నాఫ్ యాదయ్య’, తర్వాతి తరంలో ‘యాదయ్య సన్నాఫ్ మల్లయ్య’, ఆ తర్వాత మళ్లీ మొదటిదే. యాభై ఏళ్ల నాటి పహాణీ చూస్తే అందులో ఉన్నది తాతా, మనవడా అన్నది అర్థం కాక పంచాయితీలు అయ్యేది ఇందుకే.

మరి ఊరోళ్లు ఎట్లా గుర్తుపడతారు? పనిని బట్టి. డ్రైవర్ యాదయ్య, కరెంటు యాదయ్య, టైలర్ యాదయ్య, కిరాణం యాదయ్య, సార్ యాదగిరి. వలసలకు పేరుబడ్డ పాలమూరులో అయితే బొంబాయి పోయొచ్చినోడు బొంబాయి వెంకటయ్య అయిపోతాడు. పెద్ద, చిన్న, నల్ల, ఎర్ర అనే మాటలు కూడా చేరతాయి. కులవృత్తి పేరు ముందు పెట్టి పిలవడం కూడా చాలా చోట్ల ఇంకా ఉంది. పిలిచేటోళ్లకు అది గుర్తు మాత్రమే కావచ్చు. పిలిపించుకునేటోళ్లకు ఎట్లుంటుందో వాళ్లనే అడగాలి. ఆ మనిషి ఆ పని మానేసి నలభై ఏళ్లయినా, కొడుకు ఇంజినీర్ అయినా ఆ పిలుపు వదలదు.

ఎస్.నిరంజన్ రెడ్డి ఎవరు? ముగ్గురిలో ఏ నిరంజన్ రెడ్డి?

ఇప్పుడు ప్రముఖుల దగ్గరికి వద్దాం. పాలమూరు నుంచి బాగా తికమకపెట్టే పేరు ఇదే. వనపర్తి నుంచి 2018లో గెలిచి, 2019 నుంచి 2023 దాకా తెలంగాణ వ్యవసాయ మంత్రిగా చేసిన సింగిరెడ్డి నిరంజన్ రెడ్డి అందరికీ తెలుసు. రాజకీయాల్లోకి రాకముందు ఆయన వృత్తి న్యాయవాదం.

ఇంకో ఎస్.నిరంజన్ రెడ్డి ఉన్నారు. ఆయన కూడా లాయరే! సుప్రీంకోర్టు సీనియర్ అడ్వొకేట్. 2022లో ఆంధ్రప్రదేశ్ నుంచి వైసీపీ తరఫున రాజ్యసభకు వెళ్లారు. ఆయన స్వస్థలం మాత్రం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా. అంతటితో అయిపోలేదు. ఆయన సినిమా నిర్మాత కూడా. చిరంజీవి ‘ఆచార్య’ నిర్మాతల్లో ఆయన ఒకరు.

సినిమా నిర్మాత నిరంజన్ రెడ్డి అనగానే ఇప్పటి కుర్రాళ్లకు గుర్తొచ్చేది మూడో మనిషి. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’ నిర్మాత కె.నిరంజన్ రెడ్డి. అంటే ఒకరు లాయర్, మంత్రి. ఇంకొకరు లాయర్, ఎంపీ, నిర్మాత. మూడో ఆయన నిర్మాత. పేరు, వృత్తి రెండూ కలిసిపోతే గుర్తుపట్టడానికి మిగిలేది ఇంటిపేరే. మనమేమో ఆ ఇంటిపేరును ఒక్క అక్షరం చేసి, చుక్క పెట్టి వదిలేస్తాం. సింగిరెడ్డి కూడా ‘ఎస్’, ఆ ఎంపీ ఇంటిపేరు కూడా ‘ఎస్’. ఇక ఎవరేం చేస్తారు?

ఇలాంటిదే ప్రభాకర్ రెడ్డి పేరు. పాత సినిమాలు చూసేవాళ్లకు డాక్టర్ ఎం.ప్రభాకర్ రెడ్డి గుర్తుంటారు. సొంతూరు నల్గొండ జిల్లా తుంగతుర్తి. డాక్టర్ చదువు చదివి, విలన్ వేషాలతో పేరు తెచ్చుకున్నారు. సినిమా కార్మికుల ఇళ్ల కోసం తన భూమి ఇచ్చారు. హైదరాబాద్‌లో సినీ కార్మికులుండే చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టారు. అదే నల్గొండ నుంచి మునుగోడు మాజీ ఎమ్మెల్యే కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి ఉన్నారు. మెదక్ ఎంపీగా చేసి, తర్వాత దుబ్బాక ఎమ్మెల్యే అయిన కొత్త ప్రభాకర్ రెడ్డి ఉన్నారు. ఈ ఇద్దరూ ‘కె.ప్రభాకర్ రెడ్డి’లే, ఇద్దరిదీ బీఆర్ఎస్సే. 2023 ఎన్నికల్లో ఇద్దరూ అదే పార్టీ అభ్యర్థులు. ఆ ఏడాది అక్టోబర్ 30న ప్రచారంలో ఉండగా కొత్త ప్రభాకర్ రెడ్డిపై కత్తితో దాడి జరిగింది. అలాంటి రోజున స్క్రోలింగ్‌లో ‘కె.ప్రభాకర్ రెడ్డి’ అని మాత్రమే వేస్తే మునుగోడులో ఎన్ని గుండెలు ఆగుతాయో ఆలోచించండి. న్యూస్ డెస్కుల్లో ఇంటిపేరు పూర్తిగా రాయమని పట్టుబట్టేది ఊరికే కాదు.

నరసింహారెడ్డి అంటే దళ నాయకుడా, హోంమంత్రా, జడ్జా?

నరసింహస్వామి ఉన్న జిల్లా కాబట్టి నరసింహారెడ్డిలకు కొదవ లేదు. సూర్యాపేట ప్రాంతం నుంచి వచ్చిన భీమిరెడ్డి నరసింహారెడ్డి తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలను నడిపిన నాయకుడు. బీఎన్ అంటేనే జనానికి తెలుసు. తర్వాత మిర్యాలగూడ నుంచి పార్లమెంటుకు కూడా వెళ్లారు. 2008లో చనిపోయారు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన నాయిని నరసింహారెడ్డి హైదరాబాద్‌లో కార్మిక నాయకుడిగా ఎదిగి, తెలంగాణ తొలి హోంమంత్రి అయ్యారు. 2020లో కన్నుమూశారు. ఒకరు పోలీసులతో తుపాకీ పట్టి తలపడినోళ్లు, ఇంకొకరు పోలీసు శాఖనే చూసినోళ్లు. పేరు మాత్రం ఒక్కటే!

ఇదే పేరుతో పట్నా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ ఎల్.నరసింహారెడ్డి ఉన్నారు. వన్ ర్యాంక్ వన్ పెన్షన్ మీద కేంద్రం వేసిన కమిటీ ఆయనదే. ఇక రాయలసీమ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి చెప్పాల్సిన పనిలేదు. 1847లో ఆంగ్లేయులు ఉరితీశారు, 2019లో చిరంజీవి సినిమాగా వచ్చారు.

నర్సింగరావు పేరు ఇంకా చిక్కు. ఇప్పటి రంగారెడ్డి జిల్లా, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని బూర్గుల గ్రామం ఇంటిపేరుగా మారిన కుటుంబం ఒకటుంది. హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావుది ఆ కుటుంబమే. ఆయన అన్న కొడుకు బూర్గుల నర్సింగరావు నిజాం కాలంలో విద్యార్థి ఉద్యమ నాయకుడు, కమ్యూనిస్టు. 2021లో చనిపోయారు. మరి ‘బి.నర్సింగరావు’ అంటే మీకు ఎవరు గుర్తొచ్చారు? ‘మా భూమి’ తీసిన, ‘దాసి’ దర్శకుడు బి.నర్సింగరావే కదా! ఆయనది గజ్వేల్ దగ్గర ప్రజ్ఞాపూర్. ఇంటిపేరు కూడా బూర్గుల కాదు. ‘మా భూమి’ కథ తెలంగాణ సాయుధ పోరాటం గురించి. బూర్గుల నర్సింగరావు బతికింది ఆ పోరాటం నాటి రాజకీయాల్లో. అందుకే సభల గురించి, పుస్తకాల గురించి రాసేటప్పుడు ఒకరి విషయం ఇంకొకరికి అంటగట్టే ప్రమాదం ఎక్కువ.

నారాయణరెడ్డి పేరు కూడా అంతే. భువనగిరి దగ్గర బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి 1952లో నల్గొండ నుంచి లోక్‌సభకు పోటీ చేసి, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న నాయకుడు. కరీంనగర్ వైపు హనుమాజీపేట సి.నారాయణరెడ్డి జ్ఞానపీఠం అందుకున్న కవి. ఒకరు పోరాటం, ఒకరు పాట. కాంతారావు పేరు అయితే.. కోదాడ దగ్గర గుడిబండ నుంచి వచ్చిన కత్తి కాంతారావును ఒక తరం మరిచిపోలేదు. పినపాక నుంచి గెలిచిన రేగా కాంతారావు పేరు విన్నప్పుడు పాత తరానికి మొదట గుర్తొచ్చేది ఆ జానపద హీరోనే.

పేరు చూసి పెట్టిన పేర్లు

కొన్ని పేర్లు దేవుడి నుంచి కాదు, నాయకుడి నుంచి వస్తాయి. కల్వకుర్తి దీనికి మంచి ఉదాహరణ. 1989 ఎన్నికల్లో ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీఆర్ హిందూపురంతో పాటు కల్వకుర్తి నుంచి కూడా పోటీ చేశారు. అక్కడ ఓడిపోయారు. ఓడించింది ఎవరు? కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్. బెంగాల్ ‘దేశబంధు’ చిత్తరంజన్ దాస్ పేరు పాలమూరు దాకా వచ్చి, నందమూరి తారక రామారావును ఓడించింది!

ఆ తారక రామారావు పేరు మాత్రం ఓడిపోలేదు. మనవడు జూనియర్ ఎన్టీఆర్ పేరు కూడా నందమూరి తారక రామారావే. ఒకప్పుడు తెలుగుదేశంలో ఉన్న కేసీఆర్ తన కొడుక్కి ఎన్టీఆర్ మీద అభిమానంతోనే ఆ పేరు పెట్టుకున్నారని చెబుతారు. ఆ కొడుకే కల్వకుంట్ల తారక రామారావు, మనం పిలిచే కేటీఆర్. సినిమా, రాజకీయం.. మూడు పొడి పేర్లు.. అన్నింటి వెనక ఉన్నది ఒక్క పేరే.

గోపీచంద్ పేరును కూడా ఇక్కడే చెప్పాలి. త్రిపురనేని గోపీచంద్ రచయిత. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన బ్యాడ్మింటన్ ఆటగాడు, కోచ్. టి.గోపీచంద్ హీరో, గోపీచంద్ మలినేని డైరెక్టర్. గమనించారా? రచయిత కూడా ‘టి’నే, హీరో కూడా ‘టి’నే. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి నుంచి వచ్చిన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఉన్నారు, ఇండియన్ ఐడల్ గెలిచిన సింగర్ రేవంత్ ఉన్నారు. ఒకరికి వెనక ‘రెడ్డి’ ఉండటంతో అంత తికమక రాలేదు.

మనుషుల సంగతి సరే, జిల్లాలకు కూడా ఈ బాధ ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ ఉంది. వరంగల్ వైపు మహబూబాబాద్ కూడా ఉంది. ఫోన్‌లో వినేవాళ్లకు రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఒకదానికి పోవాల్సిన పార్శిల్ ఇంకోదానికి పోతే తప్పు ఎవరిదంటారు?

అసలు చిక్కు: ఈవీఎం మీద ఒకే పేరు

ఇప్పటిదాకా చెప్పింది సరదా. ఇక్కడి నుంచి అసలు విషయం. ఓడించాలనుకున్న అభ్యర్థి పేరే ఉన్న ఇంకో మనిషిని వెతికి నామినేషన్ వేయించడం మన దేశంలో పాత ఎత్తు. కేరళలోని అలప్పుజలో 2004లో కాంగ్రెస్ నాయకుడు వి.ఎం.సుధీరన్ 1,009 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అదే ఎన్నికలో వి.ఎస్.సుధీరన్ అనే స్వతంత్ర అభ్యర్థికి 8,282 ఓట్లు వచ్చాయి! ఆ ఓట్లలో ఎన్ని పొరపాటున పడ్డాయో ఎవరూ చెప్పలేరు కానీ, తేడా ఎంతో చూస్తే విషయం అర్థమవుతుంది. 2016లో అదే రాష్ట్రంలోని మంజేశ్వరంలో కె.సురేంద్రన్ 89 ఓట్లతో ఓడిపోతే, కె.సుందర అనే అభ్యర్థికి 467 ఓట్లు పడ్డాయి. అక్కడ పేరు కూడా ఒకటి కాదు, దగ్గరగా ఉంది అంతే.

మరి చట్టం ఏమంటోంది? 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో దీనికి ఒక దారి రాసిపెట్టారు. ఇద్దరు అభ్యర్థులకు ఒకే పేరు ఉంటే వాళ్ల వృత్తిని గానీ, ఊరిని గానీ పేరుకు చేర్చి, లేదా ఇంకే రకంగానైనా తేడా చూపించాలి. అంటే ఏమిటి? మన ఊరోళ్లు డ్రైవర్ యాదయ్య, టైలర్ యాదయ్య అని పిలిచే పద్ధతే చట్టంలోనూ ఉంది!

దీనికి తోడు 2015 మే నుంచి ఈవీఎం బ్యాలెట్ మీద అభ్యర్థి ఫొటో పెడుతున్నారు. ఒకే పేరుతో వచ్చే గందరగోళం తగ్గాలన్నదే దాని ఉద్దేశం. గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు జాబితాలో పైన, స్వతంత్రులు కింద ఉంటారు కాబట్టి కొంత దూరం కూడా ఉంటుంది. అయినా చదువురాని పెద్దోళ్లు, చూపు సరిగా ఆనని వాళ్లు చివరికి నమ్ముకునేది గుర్తునే. ఆ గుర్తు కూడా ఒకేలా ఉంటే? 2022 మునుగోడు ఉప ఎన్నికలో జరిగిన లొల్లి అదే. 47 మంది పోటీ చేశారు. రోడ్డు రోలర్ లాంటి గుర్తులు తమ కారును పోలి ఉన్నాయని అప్పటి టీఆర్ఎస్ అభ్యంతరం చెప్పింది. ఒక అభ్యర్థికి కేటాయించిన రోడ్డు రోలర్‌ను రిటర్నింగ్ అధికారి మార్చడం, ఎన్నికల సంఘం జోక్యం చేసుకుని ఆ అధికారినే మార్చడం.. అంత దూరం పోయింది.

నల్గొండకు పొడుగు బ్యాలెట్ కొత్త కాదు. 1996 లోక్‌సభ ఎన్నికలో ఫ్లోరైడ్ నీళ్ల సమస్యను దేశం దృష్టికి తేవాలని జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 480 మంది! అన్ని పేర్లు ఉన్న బ్యాలెట్‌లో తమకు కావాల్సిన పేరు వెతుక్కోవడం అంటే పుస్తకం తిరగేసినట్టే. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు.

ఒకే పేరున్న డమ్మీ అభ్యర్థులను ఆపాలని 2024 మేలో సుప్రీంకోర్టుకు ఒక పిటిషన్ వెళ్లింది. కోర్టు విచారణకు ఒప్పుకోలేదు. తల్లిదండ్రులు ఒక ప్రముఖుడి పేరు పెట్టినంత మాత్రాన ఆ మనిషికి పోటీ చేసే హక్కు ఎట్లా తీసేస్తాం అన్నది ధర్మాసనం ఉద్దేశం. ఆలోచిస్తే అది న్యాయమే. యాదయ్య అని పేరు పెట్టుకోవడం తప్పు కాదు కదా. డబ్బులిచ్చి ఆ యాదయ్యను నిలబెట్టినోళ్ల సంగతి వేరు. దాన్ని రుజువు చేయడమే కష్టం.

జపాన్‌లో పండగ చేసుకున్నారు!

మనకు తలనొప్పి అయిన విషయాన్ని జపాన్‌లో కొందరు పండగ చేసుకున్నారు. అక్కడ తనకా అనేది బాగా ఎక్కువగా కనిపించే ఇంటిపేర్లలో ఒకటి. 1994లో హిరోకజు తనకా అనే కుర్రాడిని ఒక పెద్ద బేస్‌బాల్ జట్టు ఎంచుకుందని వార్త వచ్చింది. అది చూసిన ఇంకో హిరోకజు తనకాకు, తన పేరున్నోళ్లు ఇంకెంతమంది ఉన్నారో వెతుకుదాం అనిపించింది. వెతుకుతూ పోతే సంఘమే తయారైంది. వీడియో గేమ్‌లకు సంగీతం ఇచ్చిన ప్రముఖుడు కూడా ఒకాయన హిరోకజు తనకానే. 2022 అక్టోబర్ 29న టోక్యోలో 178 మంది హిరోకజు తనకాలు ఒకే చోట చేరి గిన్నిస్ రికార్డు కొట్టారు. అంతకు ముందు రికార్డు అమెరికాలో 164 మంది మార్తా స్టీవర్ట్‌లది. తనకాల ముచ్చట కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. 2023లో సెర్బియాలో 256 మంది మిలిత్సా యొవనొవిచ్‌లు చేరి దాన్ని దాటేశారు.

అందరి పేరూ ఒకటే అయినప్పుడు ఆ సంఘంలో ఒకరినొకరు ఎట్లా పిలుచుకుంటారు? ముద్దుపేర్లతో! మన చాయ్ హోటల్ దగ్గరి పద్ధతే మళ్లీ.

ఒక్క తేడా ఉంది. జపాన్‌లో ఆ పేరును ఒకే అక్షరాలతో రాసేవాళ్లే ఆ సంఘంలోకి వస్తారు. ఒకేలా పలికినా రాసే అక్షరాలు వేరైతే అది వేరే పేరు కిందే లెక్క. మన దగ్గర తిరగబడింది. ఒకే మనిషి ఆధార్‌లో యాదగిరి, రేషన్ కార్డులో యాదయ్య, పాసుపుస్తకంలో యాదిరెడ్డి. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి నర్సింహ అనే పేరును నాలుగు రకాలుగా రాస్తారు. అంటే మనకు బాధ రెండు వైపులా ఉంది. ఒక పేరుకు పది మంది, ఒక మనిషికి మూడు పేర్లు!

పాసుపుస్తకం, బ్యాంకు, ఓటర్ లిస్టు.. ఎక్కడ జాగ్రత్త పడాలి?

భూమి సంగతి ముందు. ఒకే ఊర్లో ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్న ఇద్దరు పట్టాదారులు ఉంటే రికార్డులో తేడా చెప్పేవి ఖాతా నంబర్, సర్వే నంబర్ మాత్రమే. 2018 మేలో రైతుబంధు మొదలయ్యాక పేరు విలువ ఏంటో అందరికీ తెలిసొచ్చింది. ఎందుకంటే పాసుపుస్తకం ఎవరి పేరు మీద ఉంటే పైసలు వాళ్ల ఖాతాలోకే. 2020లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి మొదలైంది. మనిషికి ఆధార్ ఉన్నట్టు భూమికి ‘భూధార్’ అనే నంబర్ ఇవ్వడం ఈ కొత్త చట్టంలో ఉంది. అది పూర్తిగా అమలైతే పేరు మీద ఆధారపడటం తగ్గుతుంది. అప్పటిదాకా పాత పహాణీ నకళ్లు, పాత పాసుపుస్తకం పారేయొద్దు. తాత పేరు, మనవడి పేరు ఒకటే అయిన ఇళ్లల్లో అయితే తాత మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జాగ్రత్తగా దాచుకోవాలి.

బ్యాంకు సంగతి ఇంకా ముఖ్యం. మనం ఆన్‌లైన్‌లో పైసలు పంపేటప్పుడు పేరు రాస్తాం కానీ, పైసలు పోయేది అకౌంట్ నంబర్‌ను బట్టే. ఒక్క అంకె తప్పు పడితే ఇంకెవరికో పోతాయి. ఫోన్‌పే లాంటి యూపీఐ యాప్‌లలో పేరు ముందే కనిపిస్తుంది. ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లలో కూడా పంపే ముందు అవతలి ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 నుంచి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. కానీ ఊరంతా వెంకటయ్యలే ఉన్నచోట స్క్రీన్ మీద ‘వెంకటయ్య’ అని కనిపిస్తే మురిసిపోవద్దు. ఒక్క రూపాయి పంపి, ఫోన్ చేసి అడిగి, తర్వాతే మిగతాది పంపండి.

లోన్‌కు పోయినప్పుడు మీరు తీసుకోని అప్పు మీ క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తే, అది మీ పేరే ఉన్న ఇంకొకరిది అయ్యుండొచ్చు. పాన్ నంబర్, పుట్టిన తేదీ చూపించి సరిచేయమని ఆ క్రెడిట్ సంస్థకే ఫిర్యాదు పెట్టాలి. ఊరుకుంటే బ్యాంకు మేనేజర్ ముందు మీరే దొంగ అయిపోతారు.

ఓటర్ లిస్టులో పేరుతో వెతికితే ఒకే పేజీలో అరడజను లింగయ్యలు వస్తారు. అందుకే ఓటరు కార్డు మీది ఎపిక్ నంబర్‌తో వెతకండి. ఊర్లో మీ పేరున్న ఇంకొకరు చనిపోయారని తెలిస్తే, మీ పేరు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. నవ్వొచ్చే మాటే, కానీ తీసేయాల్సిన పేరుకు బదులు పక్క పేరు తీసేస్తే పోలింగ్ రోజు బూత్ దగ్గర ఎంత మొత్తుకున్నా లాభం ఉండదు. తప్పులు సరిచేయడానికి ఫారం 8, పేరే లేకపోతే కొత్తగా ఫారం 6. వివరాలు ఇచ్చేటప్పుడు ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించకుండా పూర్తిగా రాయించండి. తండ్రి పేరు కూడా అంతే. ఆధార్‌లో ఏ స్పెల్లింగ్ ఉందో అదే రాయించండి. మీసేవకు పోయేముందు ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు బుక్కు మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మూడింట్లో మీరు ఒక్క యాదయ్యేనా, ముగ్గురు యాదయ్యలా అన్నది అక్కడే తేలిపోతుంది.